వైన్స్ బోర్డు వెనుక ఆబ్కారీ లెక్క

హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట వైపు వెళ్లే బస్సులో "వైన్స్ దగ్గర దిగుతాను" అని చెబితే కండక్టరు ఏ వైన్స్ అని అడుగుతాడు తప్ప, వైన్స్ అంటే ఏమిటని అడగడు. తెలంగాణలో ఆ మాటకు ద్రాక్షతో సంబంధం తెగిపోయి చాలా కాలమైంది. వైన్స్ అంటే ఇనుప జాలీ వెనుక విస్కీ, బ్రాందీ, బీరు అమ్మే దుకాణం. బహువచనంలో పలికినా దుకాణం ఒకటే. జాలీ ముందు నిలబడి లోపలికి చూస్తే చేతికందే వరుసలో క్వార్టర్ సీసాలు, కింద బీరు కేసులు, ఫ్రిజ్‌లో మళ్లీ బీరు కనిపిస్తాయి. నిజమైన వైన్ సీసా ఉంటే గింటే పై అరలో ఓ మూల, దుమ్ము తుడిచే దిక్కులేకుండా ఉంటుంది.

ఇన్ని వైన్స్ ఉన్న ప్రాంతంలో వైనరీ అన్న మాట ఎందుకు వినిపించదు? ఈ నేల మీద ద్రాక్ష లేదు కదా అనడం తేలికైన జవాబు. నిజమే, ఉత్తర తెలంగాణ వరి, పత్తి, పసుపు, మిర్చి నేల. తెలంగాణలో ద్రాక్ష తోటలు పెరిగినది ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలే. కానీ పులియబెట్టడానికి ద్రాక్షే కావాలని ఎక్కడా లేదు. జగిత్యాల మామిడి ఉంది, అడవి నిండా ఇప్పపువ్వు ఉంది, చెరువుగట్ల మీద తాళ్లూ ఈతలూ ఉన్నాయి. చక్కెర ఉన్న ఏ రసమైనా ఈస్టు తగిలితే పులుస్తుంది. అసలు జవాబు ఆబ్కారీ, అంటే ఎక్సైజ్, నిబంధనల్లో దొరుకుతుంది. మద్యాన్ని కొద్దిపాటి గేట్ల దగ్గర లెక్కపెట్టి, అక్కడే డబ్బు వసూలు చేసేందుకు ఈ వ్యవస్థను కట్టారు. సీసాలో సీలు వేసి నెలల తరబడి నిలవ ఉండే సరుకు ఆ గేట్లలో ఇమిడిపోతుంది. పొద్దున దింపి సాయంత్రానికి తాగాల్సిన కల్లు, గూడెంలో కాచుకునే ఇప్పసారా, ఏడాదిలో రెండు నెలలు మాత్రమే దొరికే పండుతో చేసే వైన్ అక్కడ ఇమడవు.

అధికారం ఎవరిదన్న ప్రశ్నకు రాజ్యాంగం సూటిగానే జవాబు చెప్పింది. ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం మత్తు పానీయాల తయారీ, నిల్వ, రవాణా, కొనుగోలు, అమ్మకాలను రాష్ట్రాలకు అప్పగించింది. 51వ అంశం వాటి మీద ఎక్సైజ్ సుంకం వేసే హక్కునూ ఇచ్చింది. జీఎస్టీ వచ్చి రాష్ట్రాల పన్ను అధికారాన్ని చాలావరకు తనలో కలిపేసుకున్నా తాగే మద్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం 8:1 మెజారిటీతో పారిశ్రామిక ఆల్కహాలు కూడా ఆ 8వ అంశం కిందికే వస్తుందని తీర్పు చెప్పి, రాష్ట్రాల చెయ్యి ఇంకాస్త బలపరిచింది.

ఈ అధికారం ఎంత స్థానికమో కాళేశ్వరం వెళ్తే కళ్లకు కనిపిస్తుంది. గోదావరి ఇవతల జయశంకర్ భూపాలపల్లి జిల్లా, అవతల మహారాష్ట్రలోని సిరొంచ. సిరొంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం అమల్లో ఉంది. ఆసిఫాబాద్‌కు పొరుగున ఉన్న చంద్రపూర్ జిల్లాలో 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు. వంతెనకు ఈ కొసన లైసెన్సు ఉన్న సరుకే ఆ కొసన నేరానికి సాక్ష్యం అవుతుంది. సీసాలో మారిందేమీ లేదు. మారింది దాన్ని పట్టుకున్న మనిషి నిలబడ్డ జిల్లా.

మద్యం వ్యాపారం చేయడం పౌరుడి హక్కు కాదన్న మాటనూ కోర్టులు పదేపదే చెప్పాయి. 1975లో హర్ శంకర్ కేసులో, 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని సారాంశం ఒకటే. మద్యం మీద ప్రత్యేక హక్కు ప్రభుత్వానిది, ఆ హక్కులో కొంత ముక్కను ఎవరికైనా ఇస్తే దానికి వసూలు చేసే ధరే లైసెన్సు ఫీజు. అంటే కౌంటరు దగ్గర దుకాణదారు సరుకు అమ్ముతుంటే, అతని వెనుక ప్రభుత్వం అనుమతిని అమ్ముతోంది. ఇదే రాజ్యాంగం 47వ అధికరణంలో మద్యనిషేధానికి ప్రయత్నించమని ప్రభుత్వాలకు ఆదేశిక సూత్రం కూడా చెప్పింది. అందుకే కాబోలు, ఈ వ్యవహారమంతా చూసే శాఖ పేరు మద్యనిషేధ, ఆబ్కారీ శాఖ. ఒకే బోర్డు మీద రెండు వ్యతిరేక పదాలను ఇంత ప్రశాంతంగా రాసుకున్న కార్యాలయం మరొకటి ఉండకపోవచ్చు.

ఆబ్కారీ అన్న మాట నిజాం కాలం నుంచి వచ్చింది. 1316 ఫసలీ (నిజాం పాలనలో వాడిన సంవత్సర లెక్క, మన లెక్కలో సుమారు 1906-07) నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం ఇక్కడి తాటిచెట్టునూ ఈతచెట్టునూ ఖజానా లెక్కలోకి తెచ్చిన చట్టాల్లో ముఖ్యమైనది. సారా, కల్లు వేలం పాటలు పాడుకున్న కాంట్రాక్టర్లు ఊళ్ల మీద ఎంత పెత్తనం చేసేవారో పాత తరం కథలు కథలుగా చెప్పేది. నిజాం రాబడిలో ఆబ్కారీకి ఎంత వాటా ఉండేదో 1947 ఉద్యమకారులకు బాగా తెలుసు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని సత్యాగ్రహం చేసినవాళ్లు ఈతచెట్లను నరకడం కూడా కార్యక్రమంగా పెట్టుకున్నారు. ప్రభుత్వ ఆఫీసు తగలబెట్టడం కన్నా చెట్టు కొట్టడం ఖజానాకు ఎక్కువ తగులుతుందన్నది లెక్క. అంతకన్నా చాలా ముందు, 1708లో వరంగల్ మీద దాడి చేసిన సర్వాయి పాపన్న ఖిలాషాపూర్‌కు చెందిన గౌడుడే. కల్లుకూ అధికారానికీ మధ్య పేచీ ఈ ప్రాంతంలో కొత్తది కాదు.

నిజాం చట్టం స్థానంలో ఉమ్మడి రాష్ట్రంలో 1968 ఎక్సైజ్ చట్టం వచ్చింది. తెలంగాణ ఇప్పటికీ దాన్నే తన పేరుతో కొనసాగిస్తోంది. లైసెన్సు లేకుండా తయారీ, గీత, నిల్వ, రవాణా, అమ్మకం ఏదీ చేయరాదన్నది దాని వెన్నెముక. 1986లో మద్యాన్ని టోకుగా కొని పంచే ప్రభుత్వ సంస్థ, బెవరేజెస్ కార్పొరేషన్, వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో మొదలైన ఉద్యమం తర్వాత 1993 అక్టోబరులో సారాను నిషేధించారు. 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. సారా మాత్రం తిరిగి రాలేదు. ఆ ఖాళీలోకి చట్టం దారిలో క్వార్టర్ సీసా, దొంగదారిలో గుడుంబా వచ్చి కూర్చున్నాయి.

ఇప్పటి ఏర్పాటులో గేట్లు మూడు. మొదటిది తయారీ కేంద్రం, రెండోది ప్రభుత్వ డిపో, మూడోది దుకాణం. కంపెనీ తన సరుకును నేరుగా దుకాణానికి అమ్మడానికి వీల్లేదు. కొనేది, పంచేది బెవరేజెస్ కార్పొరేషన్ ఒక్కటే. ఏ బ్రాండుకు ఎంత మూల ధర ఇవ్వాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ప్రతి లేబుల్‌కూ విడిగా అనుమతి కావాలి. సీసా మూత మీద అతికించే ఎక్సైజ్ స్టిక్కరే ఆ సీసాకు జన్మపత్రిక. స్కాన్ చేస్తే ఎక్కడ పుట్టింది, ఏ డిపో నుంచి ఏ దుకాణానికి చేరింది అంతా తెలుస్తుంది. స్టిక్కరు లేని సీసా పన్ను కట్టని సరుకు కిందే లెక్క.

కొనేవాడు ఒక్కడే అయినప్పుడు అమ్మేవాడి గతి ఏమిటో 2025 జనవరిలో బీరు తాగేవాళ్లందరికీ అర్థమైంది. దేశంలో అతిపెద్ద బీరు కంపెనీ అయిన యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఏళ్ల తరబడి మూల ధర పెంచలేదని, బకాయిలు పేరుకుపోయాయని కంపెనీ ఫిర్యాదు. కొద్ది రోజుల్లో సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో బీరు ధరలు 15 శాతం పెరిగాయి. అంత పెద్ద కంపెనీ కనుక సరఫరా ఆపగలిగింది, పదిరోజులు ఓపిక పట్టగలిగింది. ఏడాదికి కొన్ని వేల సీసాలు చేసే చిన్న వైనరీకి డిపో నుంచి బిల్లు రావడం ఆర్నెల్లు ఆలస్యమైతే పీపాలు అమ్ముకోవాల్సిందే.

మూడో గేటు దగ్గరే అసలు జాతర. రాష్ట్రంలో 2,620 దుకాణాలను రెండేళ్లకోసారి లాటరీ తీసి కేటాయిస్తారు. ఇందులో గౌడులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం దుకాణాలు రిజర్వు చేశారు. జిల్లా కేంద్రంలో కలెక్టరు సమక్షంలో, పెద్ద హాలులో డ్రా జరుగుతుంది. దుకాణం నంబరు పిలుస్తారు, ఎన్ని దరఖాస్తులు వచ్చాయో చదువుతారు, డబ్బాలో అన్ని టోకెన్లు వేస్తారు, ఒకటి తీస్తారు. అర నిమిషం పని. హాలు బయట కార్ల దగ్గర గుంపులు గుంపులుగా నిలబడ్డవాళ్లలో పాత వ్యాపారులతో పాటు రియల్ ఎస్టేట్ వాళ్లు, కాంట్రాక్టర్లు, పదిమంది కలిసి చందాలు వేసుకుని ఒకరి పేరుతో దరఖాస్తు పెట్టినవాళ్లు కూడా ఉంటారు.

దరఖాస్తు రుసుము తిరిగి ఇవ్వరు. 2023లో అది 2 లక్షల రూపాయలు. లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు రావడంతో ఒక్క సీసా అమ్మకుండానే ఖజానాకు 2,600 కోట్లకు పైగా జమైంది. 2025లో రుసుమును 3 లక్షలకు పెంచారు. దరఖాస్తులు 95 వేల చిల్లరకు తగ్గాయి, అయినా రాబడి 2,850 కోట్లు దాటింది. దరఖాస్తుదారులు తగ్గితే లాటరీ దెబ్బతిన్నదని కొందరు రాశారు గానీ, ఖజానా వైపు నుంచి చూస్తే దెబ్బ ఎక్కడా కనిపించదు.

ఈ అంకెలను దుకాణాల మీద పంచి చూడాలి. 2025లో సగటున ఒక్కో దుకాణానికి 36 దరఖాస్తులు పడ్డాయి. ఒక్కోటి 3 లక్షల చొప్పున కోటీ 8 లక్షలు. ఇక లైసెన్సు ఫీజు జనాభాను బట్టి ఉంటుంది. 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో ఏడాదికి 50 లక్షలు, 5 నుంచి 20 లక్షల జనాభా ఉన్న వరంగల్ లాంటి నగరంలో 85 లక్షలు, 20 లక్షలు దాటితే కోటీ 10 లక్షలు. అంటే చిన్న ఊరి దుకాణానికి రెండేళ్లకు వచ్చే లైసెన్సు ఫీజు కోటి రూపాయలు, సగటు దుకాణం మీద దరఖాస్తుల ద్వారా వచ్చే డబ్బు అంతకన్నా ఎక్కువ. ఆ సగటుతో చూస్తే చిన్న ఊళ్లో ఓడినవాళ్ల డబ్బు గెలిచినవాడి ఫీజును మించిపోయింది. లైసెన్సు అంటే వ్యాపారాన్ని అదుపులో పెట్టే పత్రమన్న పాఠ్యపుస్తకపు అర్థం ఇక్కడికి వచ్చేసరికి వెలిసిపోతుంది. దీన్ని నియంత్రణ అనేకంటే టిక్కెట్టు అనడమే సరి.

గెలిచినవాడి మీద షరతులు లేవని కాదు. బడికి, గుడికి, ఆస్పత్రికి ఎంత దూరంలో ఉండాలో, ఎన్ని గంటలకు తెరిచి ఎన్ని గంటలకు మూయాలో, ముద్రించిన ధర మించి అమ్మితే ఏ శిక్షో అన్నీ రాసి ఉన్నాయి. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మరుసటి ఏడాది 20 వేల లోపు జనాభా ఉన్నచోట ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది, తర్వాత పట్టణాల పరిధికి అది వర్తించదని స్పష్టం చేసింది. కోర్టు టేపు పట్టుకుని కొలిచిన ఆ దూరం దుకాణానికే తప్ప సరుకుకు కాదు. సరుకు వైన్స్ నుంచి ఆటో ఎక్కి బెల్టు షాపుకు చేరుతుంది. కిరాణా కొట్టు వెనుక గది, పాన్ డబ్బా కింద అర, ఇంటి వసారాలో ఫ్రిజ్, ఇవే బెల్టు షాపులు. వాటికి లైసెన్సు లేదు, వేళలు లేవు. సీసాకు పదో ఇరవయ్యో ఎక్కువ తీసుకుంటారు.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు ఈ వ్యవహారం ఇంకో మలుపు తిరిగింది. అక్కడ చాలా ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు ఉన్నాయి. వీటిని వీడీసీలు అంటారు. ఎన్నికైన పంచాయతీకి సమాంతరంగా కులానికొకరిని కూర్చోబెట్టి నడిపే ఈ కమిటీలు ఊళ్లో మద్యం అమ్ముకునే హక్కును వేలం వేస్తాయి. పాట పాడినవాడే అమ్మాలి, ఇంకొకరు అమ్మితే జరిమానా. కల్లు మీదా వసూళ్లు ఉంటాయి, కట్టనన్న గీత కార్మికుల కుటుంబాలను వెలివేసిన కేసులు పోలీసుల దాకా, కోర్టుల దాకా వెళ్లాయి. వేలం డబ్బుతో గుడి కట్టారని, బడికి గోడ కట్టారని కమిటీ పెద్దలు సమర్థించుకుంటారు. చట్టం దృష్టిలో ఇది పూర్తిగా అక్రమం. కానీ తర్కం చూస్తే రాష్ట్రం చేస్తున్నదే ఊరు చేస్తోంది. ప్రత్యేక హక్కు ఊరిది, దాన్ని పాడుకునే ధర ఊరి ఖజానాకు. హర్ శంకర్ తీర్పు చదవకుండానే కమిటీలు దాని సారాన్ని ఒంటబట్టించుకున్నాయి, రాజ్యాంగం ఆ హక్కు తమకు ఇవ్వలేదన్న చిన్న విషయం తప్ప.

ఇక కల్లు. తాటిచెట్టు కిందికి వెళ్తే ఆబ్కారీ చట్టం ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది. గీత కార్మికుడు తెల్లవారుజామున మోకు, ముస్తాదు తీసుకుని చెట్టెక్కుతాడు. గెలకొస కత్తితో పలచగా చెక్కి, కింద లొట్టి కడతాడు. చెక్కు మరీ లోతైతే గెల పాడవుతుంది, మరీ పలచనైతే రసం రాదు. సున్నం పూసిన కుండలో పడిన రసం తియ్యగా నీరాగా ఉంటుంది. మామూలు లొట్టిలో పడిన రసం చెట్టు మీదే పులవడం మొదలవుతుంది, ఎందుకంటే నిన్నటి కల్లు తడి లొట్టి గోడకు అంటుకునే ఉంటుంది, అందులోనే ఈస్టు ఉంటుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి కాస్త ఘాటు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి దాదాపు వెనిగర్. ఏ డిపోకు పంపి, ఏ లేబుల్ వేసి, ఏ స్టిక్కరు అతికించాలి?

అందుకే చట్టం కల్లు విషయంలో సీసాను వదిలి చెట్టును పట్టుకుంది. లైసెన్సులు రెండు రకాలు. గీత కార్మికుల సహకార సంఘానికి ఇచ్చేది టీసీఎస్, వ్యక్తిగతంగా గీసుకునేవాడికి ఇచ్చేది టీఎఫ్‌టీ. చెట్లకు నంబర్లు వేసి లెక్క కడతారు. చెట్టు పన్నును తెలంగాణ ప్రభుత్వం రద్దు చేసింది, చెట్టు మీద నుంచి పడి చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 5 లక్షల పరిహారం ఇస్తోంది, 2024 జూలై నుంచి కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాడు, బెల్టు ఉన్న కిట్లు పంచుతోంది. చట్టం నిర్వచనంలో కల్లు అంటే పులిసిన రసమే కాదు, పులవని రసం కూడా. తాడి కొసన తొలి బొట్టు లొట్టిలో పడకముందే అది ఆబ్కారీ సరుకు. నీరాను ఆరోగ్య పానీయంగా అమ్మాలనుకున్నప్పుడు ప్రభుత్వం ప్రత్యేకంగా నీరా విధానం ప్రకటించాల్సి వచ్చింది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు.

చెట్లను లెక్కపెట్టడం బాగానే ఉంది, కానీ అమ్మకాన్ని ఎవరు లెక్కపెడతారు? చెట్టు ఇచ్చే రసానికి హద్దుంది. ఈత ఒక కాలంలో, తాడు మరో కాలంలో పారుతుంది, మధ్యలో సన్నగిల్లుతుంది. దుకాణంలో కల్లు మాత్రం ఏడాది పొడవునా తెంపు లేకుండా దొరుకుతుంది. చెట్టు లెక్కకూ దుకాణం లెక్కకూ మధ్య ఉన్న ఆ తేడాలోకే మత్తుమందులు దూరాయి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం నీళ్లలో కలిపి, తీపికి శాకరిన్ వేసి కల్లు అని అమ్మడం నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల నుంచి పాలమూరు దాకా పాత వ్యాధి. 2025లో కామారెడ్డి జిల్లాలో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆస్పత్రి పాలయ్యారు. అదే ఏడాది జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో ప్రాణాలే పోయాయి. చిత్రమేమిటంటే దాడులు గట్టిగా జరిగి కల్తీ ఆగిన రోజుల్లోనూ ఆస్పత్రులు నిండుతాయి. ఏళ్ల తరబడి మత్తుమాత్రకు అలవాటుపడిన కూలీలకు అది ఒక్కసారిగా అందకపోతే ఫిట్స్ వస్తాయి, మాట తడబడుతుంది, లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ జబ్బుమనిషి తాగింది కల్లే అయితే అలా జరగదు.

హైదరాబాద్ చుట్టూ సరిపడా చెట్లు లేవన్న కారణంతో 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూసేశారు. గీత వృత్తిని కాపాడాలన్న కారణంతో 2014లో మళ్లీ తెరిచారు. రెండు కారణాలూ నిజమే. పదేళ్లలో చెట్లు పెరిగాయా అన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. వరంగల్, జనగామ పల్లెల్లో పరిస్థితి కొంత మేలు. చెట్టు కంటికి కనిపిస్తుంది, గీసేవాడి పేరు ఊరందరికీ తెలుసు, కల్లు తాగే మండువలో కూర్చున్నవాడికి ఏ చెట్టు కల్లు తాగుతున్నాడో కూడా తెలుసు. మగచెట్టు పోత్తాడు కల్లుకూ, కాయలు కాసే పండుతాడు కల్లుకూ తేడా నాలుకతో చెప్పగలిగే తాగుబోతును మించిన ఇన్‌స్పెక్టరు ఏ శాఖలో దొరుకుతాడు?

ఏటూరునాగారం, తాడ్వాయి, ఉట్నూరు అడవుల్లోకి వెళ్తే లెక్క మళ్లీ మారుతుంది. ఇప్పపువ్వు ఎండబెట్టి, నానబెట్టి, పులిశాక కాచి తీసే సారా గోండులకు, కోయలకు పుట్టుక నుంచి చావు దాకా ప్రతి క్రతువులోనూ కావాలి. గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యాన్ని అరికట్టి, సొంత వాడకానికి కాచుకునేదాన్ని వదిలేయాలని కేంద్రం 1970లలోనే రాష్ట్రాలకు మార్గదర్శకాలిచ్చింది. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పెసా చట్టం మత్తు పానీయాల అమ్మకం, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలంది. ఆచరణలో గూడెం పక్కన వైన్స్ కేటాయించడానికి గ్రామసభ సంతకం ఒక కాగితం పని అయింది. కుండలో ఇప్పసారా కాచుకున్న ముసలామె మీద దాడి మాత్రం అసలైన పని. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతోంది, వాటికి మంచి పేరొచ్చింది. పువ్వును లడ్డూ చేస్తే స్వయం ఉపాధి, కుండలో వేస్తే కేసు.

గుడుంబాను ఇప్పసారాతో కలిపి చూడకూడదు. నర్సంపేట, గూడూరు, మహబూబాబాద్ తండాల్లో కాచిన గుడుంబాకు ముడిసరుకు నల్లబెల్లం, పటిక. అది ఎందరి కాలేయాలను తినేసిందో ఆ తండాల్లోని ఒంటరి ఆడవాళ్లను చూస్తే తెలుస్తుంది. 2015లో ప్రభుత్వం చీప్ లిక్కర్ తేవాలనుకుని, విమర్శలొచ్చాక వెనక్కి తగ్గి, గుడుంబా నిర్మూలనకు దిగింది. కాచడం మానేసిన కుటుంబాలకు 2 లక్షల పునరావాస సాయం ప్రకటించింది. సారాను పట్టుకోవడం కష్టం కనుక శాఖ బెల్లాన్ని పట్టుకుంటుంది. ఇదే వింతకు దారితీసింది. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు భక్తులు సమర్పించే బంగారం బెల్లమే. 2024 జాతరకు బెల్లం కొనేవాళ్ల ఆధార్, ఫోను నంబర్లు రాసుకోవాలని వ్యాపారులను ఆదేశించారు. నిలువెత్తు బెల్లం తూకం వేయించుకునే భక్తుడు ముందు తన గుర్తింపు కార్డు తీయాల్సి వచ్చింది. గేట్లతో నడిచే వ్యవస్థ చివరికి దేవత గద్దె ముందు కూడా ఒక గేటు పెట్టింది.

ఈ నేపథ్యంలో వరంగల్ పరిసరాల్లో ఎవరైనా పండ్ల వైన్ చేద్దామనుకుంటే ఏమవుతుంది? పులియబెట్టి ఆపేసే వైన్ వేరు, పులిశాక ఆవిరి పట్టి గాఢం చేసే విస్కీ వేరు. వైన్‌లో ఆల్కహాలు 7 నుంచి 15.5 శాతం మధ్య ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. విస్కీలో అది సాధారణంగా 42.8 శాతం. కానీ రెండూ ఒకే ఆబ్కారీ కమిషనర్ బల్ల మీదికి, ఒకే డిపోకు, ఒకే ధరల కమిటీకి పోవాలి. తయారీ లైసెన్సు, ఆహార భద్రత లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, లేబుల్ అనుమతి, పక్క రాష్ట్రానికి పంపాలంటే అక్కడ మళ్లీ లేబుల్ అనుమతి. పెద్ద డిస్టిలరీకి వీటికోసం ఒక విభాగమే ఉంటుంది. తోట రైతుకు ఉండేది ఒక మోటారు సైకిలు.

ఇతర రాష్ట్రాలు ఈ ముడిని ఒక్కో రకంగా విప్పాయి. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, వైనరీని సారా బట్టీగా కాక వ్యవసాయ పరిశ్రమగా చూసింది, సుంకంలో రాయితీ ఇచ్చింది. నాసిక్ వైన్‌కు పేరొచ్చింది ఆ తర్వాతే. అక్కడి ప్రభుత్వం 2022 జనవరిలో సూపర్‌మార్కెట్లలోనూ వైన్ అమ్మవచ్చని నిర్ణయించి, గొడవ కావడంతో ఆగిపోయింది. కర్ణాటక 2007లో వైన్ విధానం ప్రకటించి, ప్రత్యేకంగా వైన్ బోర్డు పెట్టింది. కేరళ 2022లో స్థానిక పండ్లతో వైన్ చేసే చిన్న యూనిట్లకు వేరే నిబంధనలు రాసింది. గోవా కాజూ ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మధ్యప్రదేశ్ గిరిజన స్వయం సహాయక సంఘాలు కాచే ఇప్పసారాను వారసత్వ మద్యమని పిలిచి సీసాలో పోసింది. ఈ చివరి ఉదాహరణే ఉత్తర తెలంగాణకు దగ్గరిది. నాసిక్‌ను ఇక్కడ దించాలనుకోవడం వృథా. ద్రాక్ష లేదు, ద్రాక్ష తాగే అలవాటూ లేదు.

తెలంగాణలో ఇలాంటి వేరే గేటు పెట్టిన దాఖలా ఒకటుంది. రెస్టారెంటులోనే బీరు చేసి అక్కడే గ్లాసులో అమ్ముకునే మైక్రోబ్రూవరీలకు విడిగా నిబంధనలు రాశారు. డిపోకు పోనవసరం లేదు, సీసా లేదు, స్టిక్కరు లేదు. లైసెన్సు ఫీజు, సుంకం కడితే చాలు. చేసిన చోటే బీరు అమ్ముకునే హక్కు నగరంలో రెస్టారెంటు యజమానికి ఇచ్చినప్పుడు, అదే సూత్రం మామిడి వైన్‌కో ఇప్పసారాకో వర్తించదనడానికి సాంకేతిక కారణమేదీ లేదు. కారణం లెక్కలది. వేల కోట్లు తెచ్చే 2,620 కౌంటర్ల ముందు నాలుగు పీపాల వైనరీ రాబడి శాఖ వార్షిక నివేదికలో దశాంశ బిందువు తర్వాతి అంకె కూడా కాదు. ఆ మాత్రం దానికి కొత్త నిబంధనలు రాసి, కొత్త ఇన్‌స్పెక్టరును పెట్టి, కొత్త రిజిస్టరు తెరిచే ఓపిక ఎవరికి ఉంటుంది?

జగిత్యాల దగ్గర చల్‌గల్ మామిడి మార్కెట్‌కు ఏప్రిల్ నుంచి లారీలు వస్తాయి. ఢిల్లీ వ్యాపారి కాయను చేతిలో తిప్పి చూసి, మచ్చ లేనిది ఒక పక్క, మచ్చ పడ్డది ఒక పక్క వేయిస్తాడు. గాలివానకు రాలిన కాయ మూడో కుప్ప. ఆ మూడో కుప్పలోనూ రసం నిండా చక్కెరే, పులియడానికి ఏ లోటూ లేదు. ధర మాత్రం పొద్దున అడిగినంత మధ్యాహ్నం ఉండదు. సాయంత్రానికి పచ్చడి కాయలవాళ్లు ఏరుకుపోగా మిగిలింది అక్కడే మెత్తబడి, ఎవరి లైసెన్సూ లేకుండా పులియడం మొదలుపెడుతుంది.